చెయ్యా, చక్రమా

ఎడమకు. కుడికి. మళ్లీ ఎడమకు. కారు కింద నుంచి మెకానిక్ రాజం చెబుతుంటాడు, నేను స్టీరింగ్ తిప్పుతుంటాను. అతనిలో నాకు కనపడేది రెండు పాదాలే, గ్రీజు మరకలతో, ముందు టైరు పక్కనుంచి బయటికి చాపుకుని ఉన్నాయి. "జెర చిన్నగ తిప్పు వదినె, సల్ల చిలికినట్టు." సల్ల చిలికినట్టట. పెళ్లయినప్పటి నుంచీ చిలుకుతూనే ఉన్నాను, ఇన్నేళ్లలో ఎవరూ నేలమీద పడుకుని మరీ నా చిలకడాన్ని పరీక్షించలేదు. ఇంజన్ ఆపేసి ఉంది, స్టీరింగ్ బిగుసుకోకుండా తాళంచెవి ఒక్క మెట్టు తిప్పి వదిలేయమన్నాడు. నేను సీటుకు ఆనుకోకుండా, పరీక్ష హాల్లో కూర్చున్నట్టు నిటారుగా కూర్చున్నాను. నా చేతుల్లో స్టీరింగ్ ఒక అంగుళం ఊరికే ఆడుతోంది. ఒక అంగుళమేనా, రెండా? టైరు కదులుతుందో లేదో సీట్లోంచి కనపడదు. "అంగుళం దాక ఎవలి బండికైన ఉంటది వదినె, దానికి ఫికర్ లేదు" అన్నాడు నేను రాగానే. ఆ మాటతోనే నా ఫికర్ మొదలైంది. కారు బాగు చేయించుకోవాలని వచ్చానని అతను అనుకుంటున్నాడు. నాకు కావలసింది వేరే. రోడ్డు మీద తడబడుతున్నది ఈ కారా, నా చేతులా, అది తేలాలి. మూడింటిలోపు తేలాలి.

షెడ్డు గోడకు గడియారం, ఒంటిగంటా పది. మూడింటికి మొదటి షిఫ్టు సైరన్ మోగుతుంది. మోగిన పావుగంటకు మా ఆయన గని గేటు దాటి బయటికి వస్తాడు, ఇక ఆ గేటులోకి డ్యూటీకని పోడు. సదయ్య. మొగుడి పేరు నోటితో అనకూడదని మా అవ్వ నేర్పింది, అందుకే మనసులో ఎన్నిసార్లయినా అనుకుంటాను, సదయ్య, సదయ్య, ఎవరు పట్టుకుంటారు నన్ను. ముప్ఫయ్యారేళ్లు టింబర్‌మన్ చేశాడు. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. ఆఖరి డ్యూటీ రోజున తోటి కార్మికులు దండలు వేసి, శాలువా కప్పి, డప్పులు కొట్టించి, పూలు కట్టిన జీపులో ఊరేగించి ఇంటికి తెచ్చి అప్పజెప్పడం ఇక్కడి రివాజు. మా ఆయన నెల ముందే తేల్చేశాడు, "జీపు వద్దు గీపు వద్దు. నేనేమన్న పెండ్లికొడుకునా? నడుసుకుంట వస్త." నడిచి వస్తాడట! గుమ్మంలో నిలబడి ఇన్నేళ్లు పంపాను, ఇన్నేళ్లు అదే గుమ్మంలో నిలబడి ఎదురు చూశాను, పోయేవాడూ వచ్చేవాడూ ఆయనే, నిలబడేదాన్ని నేను. ఒక్కరోజు, ఒకే ఒక్కరోజు, నేనే గేటు దాకా పోయి నా చేత్తో నడిపి ఆయన్ని ఇంటికి తెచ్చుకోవాలి. నాకు లైసెన్సు ఉందని ఆయనకు తెలియదు. నాలుగు నెలలుగా బియ్యం డబ్బాలో దాచాను. వెనక సీట్లో బంతిపూల దండ తడిగుడ్డలో చుట్టి పెట్టాను.

"గిదైతె మంచిగనే ఉన్నది," అన్నాడు రాజం. ఎప్పుడు లేచి వచ్చాడో, నా కాళ్ల దగ్గర తల దూర్చి, పెడల్ల పైన స్టీరింగ్ కడ్డీ కిందికి దిగే చోట చెయ్యి పెట్టి చూస్తున్నాడు. మంచిగ ఉందన్న మాట విని ఎవరికైనా గుండె జారుతుందా? నాకు జారింది. ఒకటి పోయింది. ఈ కారులో చెడిపోగల చోట్లు ఎన్ని ఉంటాయో నాకు తెలియదు, ఎన్ని ఉంటే అంత మంచిదనిపిస్తోంది. దేవుడా, దీనిలో ఏదో ఒకటి చెడిపోయి ఉండేటట్టు చూడు. కొబ్బరికాయ కొడతాను. కారు చెడిపోవాలని మొక్కుకునే మనిషిని నేనొక్కదాన్నే అయి ఉంటాను, ఎవరికైనా చెబితే నవ్వుతారు. సంతోషికి చెబితే మాత్రం నవ్వదు, బీపీ చూస్తుంది.

సంతోషి, నా బిడ్డ. కరీంనగర్‌లో నర్సు. కారు దానిదే, అక్కడ పెట్టుకోవడానికి చోటు లేక మా క్వార్టర్ ముందు కవరు కప్పి వదిలేసింది. నాకు నేర్పిందీ అదే, సెలవు రోజుల్లో, వాళ్ల బాపు డ్యూటీలో ఉన్న వేళల్లో. పోయిన నెల వచ్చినప్పుడు "నువ్వే నడుపు అమ్మ, బసంత్‌నగర్ దాక పోదాం" అని పక్కన కూర్చుంది. కారు సీదాగా పోనంటుంది. ఎడమకు జారుతుంది, కుడికి లాగితే కాసేపు వినదు, విన్నాక ఎక్కువ వింటుంది, ఎదురుగా సిమెంటు లారీ హారన్ మీద హారన్. రోడ్డు పక్కకు ఆపించింది. నర్సు కదా, దాని చూపు మనిషి మీదికే పోయింది, బండి మీదికి పోలేదు. నా రెండు చేతులూ దాని చేతుల్లోకి తీసుకుని, దవాఖానలో వాళ్లు మాట్లాడే మెత్తని గొంతుతో, "అమ్మ, నీ చేతులు ఎప్పటిసంది వణుకుతున్నయ్?" అంది. అప్పటిదాకా వణకని చేతులు ఆ ప్రశ్న వినగానే వణికాయి. మా అవ్వ పూలమ్మకు ఇలాగే ఉండేది. చాయ్ గ్లాసు పట్టుకుంటే చాయ్ ముందు బండ మీదికి, తర్వాత నోట్లోకి. పిల్లలం నవ్వేవాళ్లం, తనూ నవ్వేది, చివర్లో మాత్రం ముద్ద మేమే పెట్టేవాళ్లం. సంతోషి నన్ను పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. చేతులు చాపమన్నాడు, వేళ్లమీద కాగితం పెట్టి చూశాడు, ముక్కు ముట్టుకోమన్నాడు, గుండ్రంగా గీతలు గీయమన్నాడు. ఇప్పుడైతే ఏమీ కనపడటం లేదు, ఆర్నెల్లు ఆగి మళ్లీ చూద్దాం అన్నాడు. ఆ ఆగి చూద్దాం అన్న మాటే నన్ను పట్టుకుంది. అప్పటినుంచి చాయ్ సగం గ్లాసే పోసుకుంటున్నాను, సూదిలో దారం పక్కింటి లింగవ్వ చేత ఎక్కించుకుంటున్నాను, కంటి చూపు తగ్గిందని చెప్పి.

"కుడికి, కుడికి, ఆగు. మల్ల ఎడమకు." సల్ల, సల్ల. అసలు లైసెన్సు పరీక్ష రోజు చేతులు ఎంత గట్టిగా ఉన్నాయి. పెద్దపల్లిలో, ఎనిమిది అంకె గీసిన మైదానంలో, నా ముందు ముగ్గురు కుర్రాళ్లు గీత తొక్కారు. నేను యాభై ఐదేళ్ల మనిషిని, పేరు పిలిచేవాడు "సారలమ్మ ఎవరు, కొడుకు కోసమా?" అన్నాడు. నా కోసమే అన్నాను. ఎనిమిది మొత్తం తిరిగి వచ్చి ఆపితే, కిటికీలో తల పెట్టి "అమ్మా, మీరు ఇంతకుముందు ఏం నడిపేవారు?" అని అడిగాడు. ఇల్లు, అన్నాను. వాడికంటే నేనే ఎక్కువ నవ్వాను. బస్సులో తిరిగి వస్తుంటే డ్రైవరు వెనక సీట్లో కూర్చుని అతను గేరు మార్చినప్పుడల్లా నా ఎడమ చెయ్యి దానంతట అది కదిలింది. ఆ తర్వాత రెండు నెలలు ఏం నెలలు! ఆయన పొద్దున డ్యూటీకి పోగానే కవరు తీయడం, పది దాకా తిరగడం, మళ్లీ తుడిచి కవరు కప్పడం. బొగ్గు లారీలు తొక్కి తొక్కి గుంతలు పడిన రోడ్లన్నీ తిరిగాను. గుంతలో పడ్డప్పుడల్లా సంతోషి కారుకు క్షమించమని చెప్పేదాన్ని. కిటికీ దించితే గాలి, దుమ్ము, ఎవరో పొలంలో కాల్చిన చెత్త వాసన, అన్నీ నావే అనిపించేవి. ఒకరోజు రామగుండం దాకా పోయి, ఒక్కదాన్నే రోడ్డు పక్కన జామకాయ కొనుక్కుని, ఉప్పూ కారం పెట్టించుకుని, డ్రైవర్ సీట్లోనే కూర్చుని తిన్నాను. ఇంటికి వచ్చి వంకాయ కూర వండుతూ అనవసరంగా నవ్వుతుంటే "ఏంది?" అన్నాడు ఆయన. ఏం లేదన్నాను. మర్నాడు సాయంత్రం "నిన్న ఎందుకు నవ్వినవ్?" అన్నాడు. మా ఆయన అంతే, మాట ఇవాళ చేరితే జవాబు రేపు బయలుదేరుతుంది. చెడ్డవాడని కాదు, బంగారం లాంటి మనిషి, స్టీరింగ్‌లోనే కొంచెం ఊగులాట.

"రాక్ సుత మంచిగనే ఉన్నది వదినె." రెండు పోయాయి. రాక్ అంటే ఏమిటో అడిగితే, స్టీరింగ్ తిప్పుడును పక్కలకు నూకుడు చేసే కడ్డీ అన్నాడు. అదీ బాగానే ఉందట. బాగానే ఉండటానికి దానికి ఇవాళే దొరికిందా? రాజం అబద్ధం చెప్పడు, కుర్రతనంలో గనిలో కాంట్రాక్టు ఫిట్టరుగా నాలుగేళ్లు మా ఆయనతో కలిసి దిగినవాడు, పైకి వచ్చి ఈ షెడ్డు పెట్టుకున్నాడు. ఒక్కడే. కళ్లు మూసుకుని వేళ్లతో చూస్తాడు. "కంటికి ఆనది వదినె, వేలికి తెలుస్తది" అంటాడు. ఆ కళ్లు మూసుకోవడం నాకు తెలుసు. మా ఆయన చెవి పెట్టేటప్పుడు అలాగే మూసుకుంటాడు.

గనిలో పైకప్పు కిందికి పోయే ముందు ఇనుప కడ్డీతో తట్టి చూడాలట. గట్టి కప్పయితే ఖంగుమంటుంది, లోపల వదులైతే డొల్లగా డుబ్బుమంటుంది. డుబ్బుమంటే ఆ కింద నిలబడకూడదు. పెళ్లయిన కొత్తలో నాకు చెప్పింది ఆ ఒక్క మాటే, మిగతా మొగుళ్లు సినిమాలు చెప్పేవాళ్లు. సెంటినరీ కాలనీలో మాకు క్వార్టర్ వచ్చిన రోజు, పాలు పొంగించక ముందే, చీపురు కర్రతో నాలుగు మూలలా కప్పు తట్టి, చెవి పెట్టి విని, అప్పుడు నన్ను లోపలికి రమ్మన్నాడు. సంతోషి నర్సింగు హాస్టల్లో చేరిన రోజు కూడా అంతే, వార్డెన్ అమ్మ చూస్తుండగా మంచం ఎక్కి తట్టాడు, బిడ్డ సిగ్గుతో చచ్చిపోయింది. సిగ్గుపడింది గాని, ఆ రాత్రి భయం లేకుండా నిద్రపోయానని తర్వాత నాతో చెప్పింది. వేళ కాని వేళ సైరన్ మోగిన రోజులు నా బతుకులో మూడు ఉన్నాయి. మూడుసార్లూ ఆయన నడిచి ఇంటికి వచ్చాడు, నల్లగా, కళ్లు మాత్రమే తెల్లగా. తట్టి చూసే మనిషి కదా, అనుకున్నాను మూడుసార్లూ.

నేనూ ఆయన దగ్గరే వినడం నేర్చుకున్నానేమో. పొద్దున ఆయన ఆఖరి డ్యూటీకి బయలుదేరాక, సద్ది గిన్నె చేతికిచ్చి మూల మలుపు దాకా చూసి వచ్చాక, కవరు తీశాను. వెనక్కి తీసి తిప్పుతుంటే కింద ఎక్కడో ఒక చప్పుడు. కటుక్. ఒక్కసారే. ఆగాను. మళ్లీ తిప్పాను. కటుక్. నా చేతులు వణికితే వణకనీ, నా చేతుల్లో కటుక్ అనేది ఏముంది? ఆ ఒక్క చప్పుడును పట్టుకుని, నడిచేవాళ్లు నన్ను దాటి పోయేంత మెల్లగా ఇక్కడిదాకా వచ్చాను. ఇప్పుడు మాత్రం అది నోరు మూసుకుంది.

"ఎడమ దిక్కు ఎండు మంచిగున్నది." ఎండు అంటే ఆ కడ్డీ కొసన టైరును పట్టుకునే కీలట. మూడు. పాదాలు లోపలికి పోయాయి, రాజం మొత్తంగా బయటికి వచ్చి కూర్చుని ముఖం తుడుచుకున్నాడు. "నిజం చెప్పాలంటె వదినె, గీ బండికి పెద్ద బీమారి ఏం కనబడ్త లేదు. కొత్తగ నడుపుతున్నవ్ గద, చేతికి అలవాటు గావాలె." చేతికి. అతనూ అదే మాట. నేను స్టీరింగ్ మీద ఉన్న నా చేతుల్ని చూసుకున్నాను. పసుపు మరకలు, రెండు గాజులు, వేలికి పాత కాలిన మచ్చ. సరేలే తల్లీ, ఏం చేస్తాం, సగం గ్లాసు చాయ్‌తో కూడా మనుషులు బతుకుతారు. దండ చేత్తో పట్టుకుని గేటు దగ్గర నిలబడతాను, నిలబడటం నాకు కొత్తా? అనుకున్నాను గాని పొద్దున విన్న ఆ కటుక్ నన్ను వదల్లేదు. "రాజం, కుడి దిక్కు చూడలేదు గద?" అన్నాను. "చూస్త చూస్త, గోడకున్నది గద, గా దిక్కు పండనీకి జాగ లేదు. జాకి పెట్టి లేపుత."

జాకీ కిర్రుకిర్రుమంటూ కారు కుడి భుజం పైకి లేచింది, నేను సీట్లోనే ఎడమకు ఒరిగాను. అతను టైరును రెండు పక్కలా రెండు చేతులతో పట్టుకుని, పిల్లవాడి బుగ్గలు పట్టుకుని ఊపినట్టు ఊపాడు.

కటుక్.

నేనే విన్నానా, అతనూ విన్నాడా? మళ్లీ ఊపాడు. కటుక్, కటుక్. "దొరికె!" అని అరిచాడు రాజం. "దొరికె వదినె! దిగి రా, సూడు, వేలు పెట్టు గీడ!" దిగాను, చీర కొంగు నడుముకు చెక్కుకుని మోకాళ్ల మీద కూర్చున్నాను, అతను చూపించిన చోట వేలు పెట్టాను. గుప్పెడంత ఇనుప ముక్క. అతను టైరును ఊపుతుంటే నా వేలి కింద లోపలి బాల్ టకటకా అటూ ఇటూ ఆడుతోంది, ఊడబోయే పాలపన్ను నాలుకకు తగిలినట్టు. "గిది టై రాడ్ ఎండ్. గీ బాల్ గిన్నెల గట్టిగ కూసోవాలె. మీద రబ్బరు చినిగింది, బొగ్గు దుమ్ము లోపల్కి వొయ్యి గ్రీజంత ఎండింది, గిన్నె అరిగింది. నువ్వు స్టీరింగ్ తిప్పుతవ్, ఇదేమో ముందు ఇంత సేపు ఊగులాడి గప్పుడు టైరుకు చెప్తది. సీదా ఎట్ల పోతది? అసుంటి బండిని నువ్వు రోడ్డు మీద ఆపుకుంట తెచ్చినవ్ సూడు, నీ చేతులు మామూలు చేతులు గావు వదినె!"

నీ చేతులు మామూలు చేతులు కావు. ఇంకోసారి అనమని అడగబోయి ఆగిపోయాను. నా చేతులు కావు, నా చేతులు కావు, ఇది ఇనుప ముక్క, బొగ్గు దుమ్ము తిన్న ఇనుప ముక్క! అవ్వా, నీ చేతులు నాకు రాలేదే! ఏడుపు వచ్చింది, నవ్వూ వచ్చింది, రెండూ ఒక్కసారే వస్తే ముఖం ఎలా ఉంటుందో గాని రాజం బెదిరిపోయాడు. "ఏందే వదినె, ఏమైంది? బండి ఖరాబైందంటె గింత సంబురపడ్డోళ్లను నేనెన్నడు సూడలె." ఖరాబైంది, అవును, ఖరాబైంది, ఎంత చక్కగా ఖరాబైంది! "జల్ది మార్చు రాజం, మీ అన్న మూడింటికి బయటికొస్తడు" అన్నాను. గడియారం ఒకటీ ముప్ఫయ్యైదు. తన దగ్గర ఈ కారుది లేదు, గోదావరిఖని దుకాణానికి పోవాలట. తలకు రుమాలు కట్టుకుని మోటార్‌సైకిల్ తన్నాడు. "రెండుంబావుకు గీడ ఉంట" అని అరిచి దుమ్ములో కలిసిపోయాడు.

అతను పోయాక ఆ షెడ్డులో నేనూ, ఒక కాలు ఎత్తి నిలబడ్డ కారూ. రోడ్డు అవతల చాయ్ బండి దగ్గరికి పోయాను. బండివాడు సగం గ్లాసు పోసి ఆపబోతుంటే "నిండ పొయ్యి" అన్నాను. అంచు దాకా పోయించుకున్నాను. చాయ్ అంచు మీద ఉబ్బి నిలబడింది. ఆ గ్లాసు పట్టుకుని, లారీ పోయేదాకా ఆగి, రోడ్డు దాటి షెడ్డు దాకా నడిచాను. ఒక్క చుక్క, ఒక్కటంటే ఒక్క చుక్క కింద పడలేదు. వేళ్లు కాలాయి, కాలనీ. కారు బానెట్ మీద గ్లాసు పెట్టి చేతులు ముందుకు చాపి చూసుకున్నాను. డాక్టరు కాగితం లేదు గాని, వేలి మీద బంతిపూరేకు పెట్టుకున్నాను. కదల్లేదు. గాలికి ఎగిరిపోయింది, అది వేరే సంగతి. సంతోషికి ఫోన్ చేసి, "నా చేతుల బీమారికి మందు దొరికింది, రాజం తెస్తున్నడు, గోదావరిఖని పొయ్యిండు" అన్నాను. అది కంగారుపడి ఏం మందు, ఎవరు రాసిచ్చారు అని అడుగుతుంటే నవ్వాపుకోలేక పెట్టేశాను. తర్వాత పాపం అనిపించి మళ్లీ చేసి చెప్పాను. అది ఏడ్చింది. నెల రోజులుగా ఆ పిల్ల కూడా నిద్రపోలేదట. "నేను బండిని చూడాల్సింది అమ్మ, నిన్ను చూసిన" అంది. నన్ను చూడటం తప్పేం కాదులే బిడ్డా అన్నాను. చాయ్ మొత్తం తాగేశాను, అడుగున చక్కెర కూడా వదల్లేదు.

రెండూ ఇరవైకి వచ్చాడు. చొక్కా జేబులోంచి కొత్త ఎండు తీసి చూపించాడు, నల్లటి రబ్బరు తొడుగుతో నిగనిగలాడుతూ, ముద్దొచ్చేటట్టు ఉంది. ఆ ఐదు నిమిషాల ఆలస్యానికి మనసులో తిట్టుకున్నవన్నీ వెనక్కి తీసుకున్నాను. పాతదాన్ని విప్పుతూ, కడ్డీ నుంచి ఊడేదాకా ఎన్ని చుట్లు తిరిగిందో పైకే లెక్కపెట్టాడు. "పందొమ్మిది. యాది పెట్టుకో వదినె, గంతే మల్ల ఎక్కియ్యాలె, లేకుంటె టైరు పక్క సూపు సూస్తది." పందొమ్మిది, పందొమ్మిది, పందొమ్మిది. పందొమ్మిదేళ్లకు నాకు పెళ్లయింది, మరిచిపోతానా? అతను కొత్తది ఎక్కిస్తుంటే ఇద్దరం కలిసి లెక్కపెట్టాం, పదిహేను, పదహారు, బడిపిల్లల్లాగా. పందొమ్మిది దగ్గర ఇద్దరం ఆగాం. నట్టు బిగించాడు, పిన్ను గుచ్చి వంచాడు, జాకీ దించాడు. కారు నాలుగు కాళ్ల మీదా నిలబడి ఊపిరి వదిలింది. "రేపు గోదావరిఖనిల అలైన్‌మెంట్ చెయ్యించు, మర్వకు. ఇయ్యాల నలభై దాటనియ్యకు." నలభై దాటడమేంటి, ముప్ఫై దాటితే నాకే కళ్లు తిరుగుతాయి.

షెడ్డులోంచి బయటికి తీశాను. నాకు అలవాటైన పద్ధతిలో, రెండు నెలలుగా చేతికి పట్టుకున్న పద్ధతిలో, రోడ్డెక్కడానికి మూడింతలు తిప్పాను. కారు వెంటనే విన్నది! ఎంత చెబితే అంతా విన్నది! ఉన్నట్టుండి గిర్రున తిరిగి రాజం నీళ్ల డ్రమ్ము మీదికి పోయింది, బ్రేకు తొక్కాను, జానెడు దూరంలో ఆగింది. "వదినె!" రాజం తల మీద చేతులు పెట్టుకున్నాడు. "ఇప్పుడు అది మాట ఇంటది! ఒర్రకు, మెల్లగ చెప్పు!" మెల్లగ చెప్పాను. మెల్లగ విన్నది. ఎడమ అంటే ఎడమ. కుడి అంటే కుడి. ఇన్నాళ్లూ నేను చెవిటిదాంతో అరిచి అరిచి మాట్లాడుతున్నానన్న మాట. రోడ్డెక్కాను, సీదా చేశాను. పోతోంది. గుంత పక్కనుంచి, లారీ వెనకనుంచి, చేతుల్లో పట్టుకున్నట్టే లేదు. గట్టిగా ఏదో పాడాలనిపించింది గాని పాటలేవీ గుర్తు రాలేదు. పందొమ్మిది, పందొమ్మిది అని పాడుకుంటూ పోయాను.

సైరన్ దారిలోనే మోగింది. ఎన్నో వేల సార్లు విన్న సైరన్, కారులో కూర్చుని వినడం ఇదే మొదటిసారి. గేటు ముందు పూలు కట్టిన జీపు ఉండనే ఉంది, వద్దన్నా వింటారా వాళ్లు. డప్పులవాళ్లు డప్పులు కాచుకుంటున్నారు. జీపు పక్కన కారు ఆపాను, దిగలేదు. మోకాళ్ల మీద దండ, స్టీరింగ్ మీద చేతులు. కాసేపటికి డప్పులు ఒక్కసారిగా లేచాయి. గేటులోంచి మనుషుల గుంపు, గుంపు మధ్య మా ఆయన, గడ్డం దాకా దండలు, భుజాన శాలువా, పెళ్లినాడు ఉన్నంత సిగ్గుతో. జీపు దగ్గరికి తోసుకొస్తున్నారు. వద్దంటూ చేతులు ఊపుతూ తలెత్తినవాడు నన్ను చూశాడు. నన్ను చూశాడు, సీటును చూశాడు, స్టీరింగ్ మీద నా చేతుల్ని చూశాడు. నిలబడిపోయాడు. నాకు తెలుసు, మాట ఇప్పుడే చేరింది, జవాబుకు టైము పడుతుంది. డప్పులవాళ్లు కూడా ఆగారు. ఎవరో "సదన్నా, ఏందే?" అన్నారు.

మెల్లగా నడిచి వచ్చాడు. తలుపు తీయలేదు. ముందు చెయ్యెత్తి, వేళ్ల కణుపులతో కారు పైకప్పు మీద తట్టాడు. ఒకటి, రెండు, మూడు. తల వంచి, కళ్లు మూసుకుని విన్నాడు. రేకు కప్పులో ఏం వినపడుతుందో ఆయనకే తెలియాలి. నర్సు బిడ్డా పెద్ద డాక్టరూ చూసిన దానికంటే పెద్ద పరీక్ష ఇదే.

"మంచిగున్నది," అన్నాడు. తలుపు తీసుకుని నా పక్కన కూర్చున్నాడు.

నా దండ కూడా వేశాను, దండల్లో మనిషి ముక్కు మాత్రం కనపడుతోంది. కారు కదిలింది. వెనక ఖాళీ జీపు, దాని వెనక డప్పులు. ఆయన పైనున్న పట్టీ పట్టుకోలేదు, చేతులు ఒళ్లో పెట్టుకుని అద్దంలోంచి రోడ్డును చూస్తున్నాడు. ఎప్పుడు నేర్చుకున్నావనడు, ఎవరు నేర్పారనడు. అడుగుతాడులే, రేపు సాయంత్రం అడుగుతాడు. కాలనీ మలుపు కనపడింది. ఎడమకు తిరగాలి, మెల్లగా చెబితే చాలు. చేతులు తిప్పబోతున్నాయి.

"తిప్పకు," అన్నాడు.

"ఇల్లు గిటు గద?"

"ముప్ఫయ్యారేండ్లు గటే మల్గిన." దండల్లోంచి నవ్వు వినపడింది. అప్పటికప్పుడే, ఆలస్యం లేకుండా. "ఇయ్యాల సీదా పోనియ్యి సారలమ్మా."

పేరు పెట్టి పిలిచాడు. మలుపు దాటిపోయింది. వెనక డప్పులవాళ్లు ఎటు పోవాలో తెలియక ఒక్క దెబ్బ తప్పి మళ్లీ అందుకుని మా వెంటే వస్తున్నారు. నేను స్టీరింగ్ కదపలేదు. కారు సీదాగా పోతోంది.